ముషైరిబ్ గదిలో టకటక పేపర్

ఊర్లో ఉంటే పొద్దున్నే హోటల్ బెంచీ మీద పేపర్ చేతికొచ్చేది. ఒకరు చదివితే నలుగురు వినేవారు. దోహాకు వచ్చిన కొత్తలో మాకు అన్నిటికన్నా వెలితిగా తోచింది అదే.

2000 దశకం మధ్యలో మేం ముషైరిబ్ పాత ఇళ్లలో ఒకే గదిలో ఎనిమిది మందిమి ఉండేవాళ్లం. దోహాలో మొదట కరెంటు చూసిన కహ్రబా వీధి మాకు దగ్గరే. తెలుగు పత్రికలు అప్పటికే ఇంటర్నెట్‌లో ఉన్నా, ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు. అది వేసుకోకుంటే తెర నిండా పిచ్చి గుర్తులే. అసలు మా గదిలో కంప్యూటర్ ఎక్కడిది? టైపింగ్ సెంటర్లో పనిచేసే నిజామాబాద్ తమ్ముడే మాకు దిక్కు. శుక్రవారం వస్తే చాలు, బిల్లులు కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద జిల్లా వార్తలు తీసిచ్చేవాడు.

ఆ ప్రింటర్ తలకాయలో 9 సూదులుంటాయి. సిరా రిబ్బన్ మీద పొడుస్తూ చుక్కలతో అక్షరం కడతాయి. ఇంగ్లిషు అక్షరాలు దాని పొట్టలోనే ఉంటాయి కాబట్టి గబగబా కొట్టేస్తుంది. తెలుగును మాత్రం బొమ్మలా పంపాలి. సైజు తగ్గిస్తే వత్తులు, గుడులు ముద్దయిపోతాయి. అందుకే తమ్ముడు లావు అక్షరాలతో కొట్టేవాడు. చూపు మసకబారిన మా గది పెద్దాయనకు అదే వరమైంది.

ఆయనది జగిత్యాల వైపు. బామ్మర్ది వీసా కోసం ఊళ్లో ఏజెంటుకు పైసలు పంపాలని ఓ శుక్రవారం తయారయ్యాడు. "ఆగు అన్నా, ముందు ఇది సదువు" అని మేం కాగితం చేతికిచ్చాం. లైసెన్సు లేని ఏజెంట్లు విజిట్ వీసాల మీద పంపి ముంచుతున్నారని వార్త. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఫోన్‌లో ఇంటికి చదివి వినిపించాడు. "లైసెన్సు చూపిస్తేనే పైసలు" అన్నాడు. ఏజెంటు చూపించలేదు. పైసలు మిగిలాయి.

మేమున్న ఇళ్లు ఇప్పుడు లేవు. 2010లో కొత్త ముషైరిబ్‌కు పునాది వేశారు. 2019లో మెట్రో వచ్చింది. చమురు బావుల్లో పనిచేసిన తొలితరం కార్మికుల కథ చెప్పే 'కంపెనీ హౌస్' మ్యూజియం కూడా అక్కడే ఉంది. వీలైతే చూసి రండి.

ఇప్పుడు అందరి చేతిలో ఫోనుంది, యూనికోడ్ తెలుగు ఉంది. అయినా 2024లో అమెరికాలో ఓ ప్రోగ్రామర్ పాత డాట్ మ్యాట్రిక్స్‌కు చిన్న కంప్యూటర్ తగిలించి రోజూ వార్తలు అచ్చేసుకున్నాడు. ఇది కొత్త ముచ్చటేం కాదు. 1938లోనే సెయింట్ లూయిస్‌లో ఒక పత్రిక రేడియో ద్వారా ఇళ్లకు పేజీలు పంపింది. మీ గదిలోనూ చేసుకోవచ్చు. పాత ప్రింటర్, యూఎస్‌బీ కేబుల్, పాత ల్యాప్‌టాప్ చాలు. రసీదులు కొట్టే థర్మల్ ప్రింటర్ చవకే గానీ, వేడికి దాని అక్షరాలు చెరిగిపోతాయి. దాచుకునే వార్తకు రిబ్బనే మేలు.

మొదటి కాగితం మీద ఈ రెండు ముక్కలు కొట్టి గోడకు అంటించండి. ఏజెంటు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడాలి. ఏజెంటు తీసుకోదగ్గ సర్వీస్ చార్జి 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతే. ఫోన్‌లో వార్త ఒక్కడే చూస్తాడు. గోడ మీది కాగితం గదంతా చదువుతుంది.