మూలనపడిన మజిల్ కారు పునరుద్ధరణ: ఏది మార్చాలి, ఏది ఉంచాలి

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• మజిల్ కారు అంటే ఏమిటో, ఏ పరిస్థితుల్లో పుట్టిందో చెప్పగలుగుతారు.
• దశాబ్దాలు కదలకుండా ఉన్న కారులో ఏ భాగం ఎందుకు పాడవుతుందో వివరించగలుగుతారు.
• పునరుద్ధరణ పనుల వరుసను కారణాలతో సహా రాయగలుగుతారు.
• సంరక్షణ, పునరుద్ధరణ, ఆధునికీకరణ అనే మూడు మార్గాల తేడాను గుర్తించగలుగుతారు.

7.1 పరిచయం

1960లలో యువకులుగా ఉన్న అమెరికన్లు ఇవాళ డెబ్బై దాటిన వయసులో ఉన్నారు. వారిలో కొందరి ఇళ్లలో, ఆ రోజుల్లో ముచ్చటపడి కొనుక్కున్న కారు షెడ్డులో దుమ్ము పట్టి ఇంకా ఉంది. పెళ్లి, పిల్లలు, ఉద్యోగం అనే వరుసలో అది మూలకు చేరింది. దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలనుకున్న యజమానికి రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. ఇది నడుస్తుందా అన్నది మొదటి ప్రశ్న. పాడైన ప్రతి భాగాన్నీ మారుస్తూ పోతే చివరికి మిగిలేది ఆ కారేనా అన్నది రెండవ ప్రశ్న. మొదటి దానికి మెకానిక్ సమాధానం చెప్పగలడు. రెండవ దానికి యజమానే చెప్పుకోవాలి. పనిని సరైన వరుసలో చేస్తేనే ఈ రెండవ ప్రశ్నను ఆలోచించే వ్యవధి దొరుకుతుంది. ఈ పాఠంలోని ముఖ్య విషయం ఇదే.

7.2 మజిల్ కారు: నేపథ్యం

మధ్యస్థ పరిమాణంలో ఉండే మామూలు కారుకు పెద్ద వి-8 ఇంజిన్ బిగించి, యువతకు అందే ధరలో అమ్మిన అమెరికన్ కారును మజిల్ కారు అంటారు. 1964 మోడల్‌గా వచ్చిన పాంటియాక్ జీటీఓతో ఈ ధోరణి ఊపందుకుందని సాధారణంగా చెబుతారు. దాని ఇంజిన్ 389 ఘనపు అంగుళాలు, అంటే సుమారు 6.4 లీటర్లు. మనకు తెలిసిన మారుతి 800 ఇంజిన్ 796 సీసీ. ఎనిమిది మారుతి ఇంజిన్లను కలిపితే ఆ ఒక్క ఇంజిన్ అవుతుందన్నమాట.

ఈ కార్ల వైభవం పదేళ్లు కూడా నిలవలేదు. బీమా ప్రీమియంలు పెరిగాయి. 1970లో వచ్చిన స్వచ్ఛ వాయు చట్టం పొగపై ఆంక్షలు పెంచింది. 1973 చమురు సంక్షోభంతో పెట్రోలు కరువైంది. అందువల్ల 1970ల మధ్యకు వచ్చేసరికి పెద్ద ఇంజిన్ల శక్తి బాగా తగ్గిపోయింది.

ఈ కార్లలో కంప్యూటర్ లేదు. కార్బురేటర్, డిస్ట్రిబ్యూటర్, పాయింట్లు మాత్రమే ఉంటాయి. స్పానర్లు, ఓపిక ఉన్న మనిషి వీటిని విప్పి అర్థం చేసుకోగలడు. అందుకే ఇవి ఇప్పటికీ పునరుద్ధరణకు అనువుగా ఉన్నాయి.

7.3 కదలని కారుకు కలిగే నష్టం

నడిచే కారు అరుగుతుంది, నిలిచిన కారు కుళ్లుతుంది. ఈ రెండూ వేర్వేరు నష్టాలు. ఓడోమీటరులో తక్కువ మైళ్లు కనిపించినంత మాత్రాన కారు బాగుందని అనుకోకూడదు.

(అ) పెట్రోలు: నిల్వ ఉన్న పెట్రోలు కాలక్రమంలో జిగురుగా మారి కార్బురేటర్‌లోని సన్నని రంధ్రాలను మూసేస్తుంది. ట్యాంకు లోపలి గోడలు తుప్పు పడతాయి.

(ఆ) బ్రేకు ఆయిల్: ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ నీటి వల్ల బ్రేకు సిలిండర్లు లోపల తుప్పుపట్టి బిగుసుకుపోతాయి.

(ఇ) రబ్బరు: గొట్టాలు, సీళ్లు, టైర్లు ఎండి పగుళ్లు ఇస్తాయి. టైరుపై గాట్లు కొత్తగా కనిపించినా రబ్బరు బలం పోయి ఉంటుంది.

(ఈ) ఇంజిన్: పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు అతుక్కుపోతాయి. దీన్నే మెకానిక్కులు ఇంజిన్ సీజ్ అయిందంటారు.

(ఉ) బాడీ: నీరు నిలిచే చోట, అంటే నేలరేకులు, డిక్కీ అడుగు, అద్దం కింది భాగం, చక్రాల మీది వంపుల్లో తుప్పు ముందుగా చేరుతుంది.

(ఊ) ఎలుకలు: సీట్లలోనూ ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోనూ గూళ్లు కట్టి వైర్లను కొరికేస్తాయి.

7.4 పనుల వరుస

7.4.1 ముందు చదవండి, తరువాత విప్పండి

కారు మీద తడిగుడ్డ పెట్టకముందే అన్ని వైపులా ఫోటోలు తీయండి. వాహన గుర్తింపు సంఖ్యను, ఇంజిన్ దిమ్మపై చెక్కిన అంకెలను రాసుకోండి. ఈ రెండూ సరిపోలితే కారు తన పుట్టుక నాటి ఇంజిన్‌తోనే ఉందని తెలుస్తుంది. కొన్ని కార్లలో ఫ్యాక్టరీ కార్మికులు వాడిన తయారీ కాగితం సీటు స్ప్రింగుల మధ్య గానీ పెట్రోలు ట్యాంకు పైన గానీ ఇరుక్కుని ఇప్పటికీ దొరుకుతుంది. తొందరపడి పాత సీటును చెత్తలో వేస్తే ఆ కాగితమూ దానితోనే పోతుంది.

తీసిన ప్రతి నట్టును, బోల్టును సంచిలో వేసి పేరు రాయండి. విరిగిన భాగాన్ని కూడా కొత్తది బిగించేదాకా పారేయకండి. కొత్త దాన్ని పోల్చి చూడడానికి అదే నమూనా.

7.4.2 ఇంజిన్: సెల్ఫ్ కొట్టకండి

కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టి చూడాలనిపించడం సహజం. అయితే అతుక్కుపోయిన రింగులు విరగడానికి, ఎండిన బేరింగులు గీసుకుపోవడానికి ఆ ఒక్క ప్రయత్నం చాలు. ముందు స్పార్కు ప్లగ్గులు తీసి, ప్రతి సిలిండర్‌లో తుప్పును వదిలించే నూనె పోసి కొన్ని రోజులు వదిలేయండి. తరువాత క్రాంక్‌షాఫ్ట్ చివరి బోల్టుకు పొడవైన పిడి ఉన్న స్పానర్ తగిలించి చేత్తో మెల్లగా తిప్పండి. తిరగకపోతే బలం పెంచకండి, మళ్లీ నూనె పోసి ఆగండి.

తిరిగిన తరువాత పాత ఆయిల్, పాత పెట్రోలు పూర్తిగా తీసేయాలి. ట్యాంకు, గొట్టాలు, కార్బురేటర్ శుభ్రం చేయాలి. ఆ తరువాతే స్టార్ట్ చేయడం గురించి ఆలోచించాలి.

మరొక విషయం గమనించండి. ఆనాటి పెట్రోలులో కలిపిన సీసం వాల్వు సీట్లు అరగకుండా కాపాడేది. ఇప్పటి పెట్రోలులో సీసం లేదు. అందువల్ల సిలిండర్ హెడ్డు విప్పినప్పుడు గట్టిదనం ఎక్కువ ఉన్న వాల్వు సీట్లు వేయించడం మంచిది.

7.4.3 పరుగు కంటే ముందు ఆపడం

ఇంజిన్ మోగగానే వీధిలో ఒక చుట్టు తిప్పాలనిపిస్తుంది. బ్రేకులు పూర్తయ్యేదాకా కారును షెడ్డు దాటించకూడదు. గొట్టాలు, సిలిండర్లు, టైర్లు మార్చడంలో పాతదనం మీద మమకారం చూపకండి. ఇవి మొదటినుంచీ అరిగి మారేందుకే తయారైన భాగాలు. పాత బ్రేకు షూలలో, క్లచ్ ప్లేటులో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. కాబట్టి ఆ దుమ్మును గాలితో ఊదకూడదు. మాస్కు ధరించి, తడిపి తుడవాలి.

7.4.4 తుప్పు, రంగు

రేకుపై అయస్కాంతం పెట్టి చూడండి. అది అంటుకోని చోట లోపల పుట్టీ ఉందని అర్థం. నేలరేకులు కోసే ముందు తలుపుల ఖాళీల్లో అడ్డంగా ఇనుప కడ్డీలు వెల్డింగ్ చేయాలి. లేకపోతే బాడీ వంగిపోయి తలుపులు మళ్లీ సరిగా మూసుకోవు. రంగు అన్నిటికంటే చివరి పని. తుప్పు మీద వేసిన రంగు కొద్దికాలానికే పొంగి ఊడుతుంది.

7.5 మూడు మార్గాలు

సంరక్షణ: ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచి, నడవడానికి అవసరమైనంతే మార్చడం.
పునరుద్ధరణ: ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున ఉన్నట్టు తిరిగి చేయడం.
ఆధునికీకరణ: పాత రూపం ఉంచి, కొత్త ఇంజిన్, కొత్త బ్రేకులు అమర్చడం.

ఒక ఉదాహరణ చూద్దాం. 1968లో వచ్చిన 'బుల్లిట్' సినిమాలో నటుడు స్టీవ్ మెక్వీన్ నడిపిన ఆకుపచ్చ ఫోర్డ్ మస్టాంగ్‌ను 1974లో రాబర్ట్ కీర్నన్ కొన్నాడు. ఆయన భార్య దాన్ని తన బడికి వెళ్లడానికి వాడేది. 1980లో క్లచ్ పాడవడంతో కారు మూలపడింది. తండ్రీ కొడుకులు కలిసి బాగుచేద్దామనుకున్నారు గానీ, పని పూర్తికాకుండానే 2014లో తండ్రి కన్నుమూశాడు. కొడుకు షాన్ దాన్ని నడిచే స్థితికి తెచ్చాడు. అయితే మాసిన రంగును, గీతలను అలాగే ఉంచాడు. షూటింగ్ కోసం కారు అడుగున వెల్డింగ్ చేసిన కెమెరా బిగింపులు కూడా అలాగే ఉన్నాయి. కారు అసలుదని తేల్చడంలో అవి ముఖ్యమైన ఆధారాలయ్యాయి. 2020 జనవరిలో జరిగిన వేలంలో ఈ కారు రుసుములతో కలిపి 37.4 లక్షల డాలర్లు పలికింది. దాన్ని మెరిసేలా కొత్తగా చేయించి ఉంటే ఆ ఆధారాలు కొన్ని పోయేవి.

అయితే ప్రతి కారుకూ ఇదే మార్గం పనికిరాదు. నేలరేకులు చేత్తో నొక్కితే రాలిపోతున్న కారును సంరక్షించడం కుదరదు. సినిమా చరిత్ర లేని మామూలు కారుకు పెట్టిన ఖర్చు అమ్మితే తిరిగి రాకపోవచ్చు. మీ కారులో మీకు గుర్తున్నవి ఏవో ముందే జాబితా రాసుకోండి. చేతికి నునుపెక్కిన స్టీరింగ్ చక్రం కావచ్చు, తండ్రి నేర్పిన రోజున పడిన చొట్ట కావచ్చు. భద్రతకు అడ్డురాని వాటిని అలాగే ఉంచే హక్కు మీకు ఉంది.

7.6 మన దేశంలో

ఈ పద్ధతి మన ఇళ్లలోని అంబాసిడర్‌కూ, పద్మినికీ, తాతగారి చేతక్ స్కూటర్‌కూ వర్తిస్తుంది. మన దగ్గర ఇథనాల్ కలిపిన పెట్రోలు వాడుకలో ఉంది కాబట్టి పాత రబ్బరు గొట్టాలను మార్చడం మరింత అవసరం. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల సొంత వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకోవచ్చు. చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అంటే ఆధునికీకరణ మార్గం ఎంచుకున్నవారు ఈ అవకాశాన్ని పోగొట్టుకుంటారు.

7.7 సారాంశం

మజిల్ కారు 1960ల అమెరికా యువత కోసం తయారైన వాహనం. నిలిచి ఉన్న కారు లోలోపల పాడవుతుంది. అందుకే నమోదు, ఇంజిన్, బ్రేకులు, బాడీ, రంగు అనే వరుస పాటించాలి. అరిగే భాగాలను సందేహించకుండా మార్చాలి. చరిత్రను చెప్పే భాగాలను మాత్రం ఆలోచించి ముట్టుకోవాలి. తీసి పారేసిన దాన్ని ఎంత డబ్బు పెట్టినా తిరిగి తేలేం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. చాలాకాలం నిలిచిన ఇంజిన్‌ను వెంటనే సెల్ఫ్ కొట్టి ఎందుకు చూడకూడదు?
2. నేలరేకులు కోసే ముందు తీసుకోవలసిన జాగ్రత్త ఏమిటి?
3. మీ ఇంట్లో లేదా ఊళ్లో మూలనపడిన ఒక వాహనాన్ని పరిశీలించండి. అందులో తప్పక మార్చవలసినవి, తప్పక ఉంచవలసినవి కారణాలతో రెండు జాబితాలుగా రాయండి.