ఇంటిని మింగిన పూలతీగ

మార్చి నెలలో కాలిఫోర్నియాలోని సియెర్రా మాద్రే పట్టణానికి వెళ్తే, శాన్ గేబ్రియల్ కొండల పాదాల దగ్గర ఒక పెరటి మీద ఆకాశం ఊదారంగుకు తిరిగి ఉంటుంది. తల పైకెత్తితే కనిపించేవన్నీ గుత్తులే. ఇంకా విచ్చుకోని కొసల్లో చిక్కటి ఊదా, నడుమన పలచటి ఊదా, కాడల దగ్గర దాదాపు వెన్నెల తెలుపు. ఆకులు విప్పుకోకముందే పూలు ఒక్కుమ్మడిగా పొంగి, బూడిదరంగు కొమ్మలను కప్పేసి, పందిరి కంతల్లోంచి కిందికి జారుతుంటాయి. గాలి కదిలితే ఆ తియ్యటి, బరువైన వాసన ముందు వచ్చి ముఖానికి తగులుతుంది. రాలిన రేకులు ఆ తరవాత నెమ్మదిగా దిగుతాయి.

దీనంతటికీ మొదలు ఒక్క మొక్క. 1894లో బ్రుగ్మన్ దంపతులు 75 సెంట్లు పెట్టి కొని, ఇంటి పక్కన అందంగా పాకుతుందని నాటుకున్న చైనా విస్టీరియా. అది వరండా ఎక్కింది, చూరు పట్టింది, కప్పు మీదికి పాకింది, చెక్క సందుల్లో దూరి లావెక్కింది. చివరికి ఆ బరువుకు ఇల్లే ఓడిపోయింది. పాత ఇల్లు పోయి, తీగకు దూరంగా కొత్త ఇల్లు లేచింది. ఇల్లు కదిలింది గాని తీగ కదల్లేదు! ఇప్పుడది ఎకరానికి పైగా పరచుకుంది. బరువు 250 టన్నులంటారు, ఒక్కో వసంతంలో పదిహేను లక్షల పూలంటారు. పూచే మొక్కల్లో ప్రపంచంలోకెల్లా పెద్దదిగా గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. లాస్ ఏంజిలెస్ చుట్టుపక్కల స్థిరపడిన మనవాళ్లకు అది దగ్గరి ఊరే. ఏడాదికొకసారి పూల పండుగ జరిగే రోజున తప్పక చూసిరావలసిన వింత.

ఇంత బలం ఎక్కడిది? విస్టీరియాకు పట్టుకోవడానికి నులితీగలు లేవు, అంటుకోవడానికి వేళ్లు లేవు. మెత్తటి నూగుతో, రాగిరంగు మెరుపుతో పుట్టిన లేత కొస గాలిలో మెల్లగా తిరుగుతూ వెతుకుతుంది. ఏదైనా తగిలిందా, దాని చుట్టూ తానే మెలికపడుతుంది. చైనా విస్టీరియా ఒక దిక్కుకు చుట్టుకుంటే, జపాన్ విస్టీరియా సరిగ్గా దానికి ఎదురు దిక్కుకు చుట్టుకుంటుంది. ఏ నేలలో నాటినా ఆ తిరుగుడు మారదు. నేడు వేలితో తుంచగలిగే ఆ రెమ్మే కొన్నేళ్లకు చేవదేలి, కండలు పెనవేసుకున్న మానవుతుంది. అమెరికా ఆగ్నేయ అడవుల్లో మనిషి చేయి తప్పించుకుపోయిన ఈ తీగలు నిలువెత్తు చెట్లను బిగించి చంపేస్తున్నాయి.

అయినా ఒక్క పూవును చేతిలోకి తీసుకుని చూడండి, ఎంత సుకుమారం! మన పెరటి చిక్కుడు పూవుకు ఇది దూరపు చుట్టం. వెనక్కి విచ్చుకున్న ఒక పెద్ద రేకు, దాని నడుమ దారి చూపే లేత పసుపు మచ్చ, ముందుకు ముడుచుకున్న రెండు రెక్కలు, వాటి మధ్య మూసుకున్న చిన్న పడవ. పుప్పొడి ఆ పడవలో దాగి ఉంటుంది. తేలికపాటి పురుగులకు అది సులువుగా తెరుచుకోదు. జపాన్‌లో ఆ తలుపు తెరిచేది నల్లటి తుమ్మెద. బంగారు నూగు కప్పిన వీపుతో, గుమ్మని మోగుతూ వచ్చి, పూవును తన బరువుతో కిందికి వంచి లోపలికి దూరుతుంది.

ఆ జపాన్‌లోనే ఈ తీగ అందం పరాకాష్ఠకు చేరింది. అషికాగా పూలవనంలోని మహా విస్టీరియాకు నూట అరవై ఏళ్ల పైమాటే. మీటరు దాటే గుత్తులు వర్షధారల్లా వేలాడుతుంటాయి. చైనా తీగలా ఒక్కసారిగా గుప్పుమనదు. పూలు కాడ దగ్గర మొదలై కొసదాకా రోజుకింతగా విచ్చుకుంటూ వస్తాయి. 1996లో ఈ తీగను ఇరవై కిలోమీటర్ల అవతలి నుంచి ఇక్కడికి తరలించారు. చెట్ల వైద్యురాలు త్సుకమొతో కొనామి, విరిగిన ఎముకకు కట్టు కట్టినట్టు మానుకు ప్లాస్టర్ కట్టించి మరీ తెచ్చింది. నేడు ఆ పందిరి వెయ్యి చదరపు మీటర్లు.

ఆ పందిరి కింద నిలబడి మైమరిచేవాళ్లలో ఎందరికి కత్తెర గుర్తుకొస్తుంది? నా మటుకు ఆ శోభలో సగం కత్తెరదే. పూలు రాలాక, వేసవిలో, కొరడాల్లా దూసుకొచ్చే పచ్చటి రెమ్మలను అయిదారు ఆకులుంచి కోస్తారు. మళ్లీ జనవరి, ఫిబ్రవరి చలిలో, ఆకు రాలి తీగ అస్థిపంజరం బయటపడ్డాక, అవే రెమ్మలను రెండు మూడు మొగ్గల దాకా పొట్టి చేస్తారు. అప్పుడు ఆ తీగ పరుగు మాని, తన సత్తువంతా బొద్దుగా ఉబ్బిన పూమొగ్గల్లోకి మళ్లిస్తుంది. చిక్కుడు జాతి కాబట్టి నత్రజనిని వేళ్ల బుడిపెలే సంపాదించుకుంటాయి. పైనుంచి మరీ పోస్తే ఆకే గాని పూవు ఉండదు. విత్తనం నుంచి మొలిచిన తీగ పూతకు పది, పదిహేనేళ్లు కూడా పట్టవచ్చు. అందుకే పెంచేవాళ్లు అంటుమొక్క తెచ్చి, నిండు ఎండలో, చూరుకు దూరంగా, గట్టి గుంజల పందిరి వేసి నాటుతారు. అంటు కింద లేచే పిలకలను ఎప్పటికప్పుడు తీసేస్తారు. దీనికి చలికాలం చలికాలంలా ఉండాలి. మన మైదానాల కంటే సిమ్లా లాంటి కొండ ఊళ్లే దీనికి ఇష్టం.

పూల తరవాత కాయలు. ఆకుపచ్చ వెల్వెట్ చుట్టినట్టున్న పొడవాటి కాయలు శరదృతువంతా వేలాడుతూ గోధుమరంగుకు తిరుగుతాయి. వాటి గింజలు విషం. పిల్లలున్న ఇళ్లలో ముందే కోసేయడం మంచిది. కోయకుండా వదిలేస్తే, పొడి గాలికి కాయ గోడలు మెలితిరిగి, బిగిసి, ఒక్క పెట్టున ఫట్టుమని పేలి గింజలను దూరంగా విసిరేస్తాయి. 1932 డిసెంబరులో ఒక సాయంత్రం జపాన్ భౌతిక శాస్త్రవేత్త తెరాదా తొరాహికో ఇంటికొచ్చి బల్ల ముందు కూర్చున్నాడో లేదో, పక్కనున్న కాగితపు తలుపుకు ఏదో ఠపీమని తగిలింది. పిల్లలెవరో రాయి విసిరారనుకున్నాడు. చూస్తే విస్టీరియా గింజ! ఆ మధ్యాహ్నం నుంచే పెరట్లో కాయలు ఒకదాని వెంట ఒకటి పేలుతూ ఉన్నాయని ఇంట్లోవాళ్లు చెప్పారు.