జరగని పోటీలో గెలుపెవరిది?

సాయంత్రం బడి విడిచినా మా తొమ్మిదో తరగతి గదిలోంచి కేకలు వినిపిస్తూనే ఉన్నాయి. ఏమిటా అని తొంగి చూశాను. ఇద్దరమ్మాయిలు బల్లకు చెరోవైపు నిలబడి వాదించుకుంటున్నారు. తక్కినవాళ్లు రెండు జట్లుగా చీలిపోయి ఎగదోస్తున్నారు.

"మాస్టారూ, మీరే చెప్పండి! మంచి ఫామ్‌లో ఉన్నప్పటి మేరీ కోమ్, మంచి ఫామ్‌లో ఉన్నప్పటి నిఖత్ జరీన్ బాక్సింగ్ చేస్తే ఎవరు గెలుస్తారు?"

ఇలాంటి వాదన మీరూ ఎప్పుడో ఒకప్పుడు చేసే ఉంటారు. ఇది మా అచ్యుతాపురం పిల్లలకే పట్టిన పిచ్చి కాదు. మిడిల్ వెయిట్ విభాగంలో అయిదుసార్లు ప్రపంచ విజేత అయిన షుగర్ రే రాబిన్సన్, 1980 నుంచి 1987 వరకు విజేతగా నిలిచిన మార్విన్ హాగ్లర్ తలపడితే ఎవరిది పైచేయి? ఆ ఇద్దరూ కన్నుమూసినా ప్రపంచమంతటా అభిమానులు ఈ ప్రశ్నను వదిలిపెట్టలేదు.

ఈ వాదనలో విజ్ఞానశాస్త్రం చెప్పగలిగింది ఏమైనా ఉందా? ఉంది. రండి, చూద్దాం.

కొలబద్ద ఒకటేనా?

నిఖత్ మన నిజామాబాదు అమ్మాయి. 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలోనూ, 2023లో ఢిల్లీలో 50 కిలోల విభాగంలోనూ ప్రపంచ విజేత అయింది. మణిపూర్‌కు చెందిన మేరీ కోమ్ 2002, 2018 మధ్య ఆరుసార్లు ప్రపంచ విజేత.

"2010 ఫైనల్లో మేరీ 16–6తో గెలిచింది. 2022 ఫైనల్లో నిఖత్ 5–0తో గెలిచింది. పది పాయింట్ల తేడా పెద్దదా, అయిదు పాయింట్ల తేడా పెద్దదా?" అంది మేరీ పక్షం అమ్మాయి.

ఇక్కడే ఆగండి! 2010లో న్యాయనిర్ణేతలు మీటలు నొక్కి, సరిగా తగిలిన దెబ్బలను లెక్కించేవారు. కనుక 16 అనేది దెబ్బల లెక్క. 2022 నాటికి పద్ధతి మారింది. 5–0 అంటే అయిదుగురు న్యాయనిర్ణేతలూ నిఖత్‌నే విజేతగా ఎంచారని అర్థం. కనుక 5 అనేది మనుషుల లెక్క. ఈ రెంటినీ పోల్చడం బియ్యాన్ని గజంబద్దతో కొలిచినట్టే. ప్రమాణాలు వేరైనప్పుడు అంకెలను పక్కపక్కన పెట్టకూడదని మీరు ఆరో తరగతిలోనే చదువుకున్నారు కదా!

"వాళ్లు నిజంగానే తలపడ్డారు కదా మాస్టారూ" అన్నాడు వెనక బల్ల కుర్రాడు. నిజమే. 2019 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన 51 కిలోల ఎంపిక పోటీలో మేరీ 9–1తో గెలిచింది. అయితే అప్పటికి మేరీకి ముప్పై అయిదేళ్లు దాటాయి. నిఖత్‌కు 23 ఏళ్లు. ఆమె ప్రపంచ విజయాలు ఇంకా ముందున్నాయి. ఆ రోజు ఎవరు గెలిచారో ఆ పోటీ చెప్పింది. మన ప్రశ్న వేరు.

బరువు మాటేమిటి?

2010లో మేరీ పోటీ చేసింది 48 కిలోల విభాగంలో. నిఖత్‌ది 52 కిలోలు. నాలుగు కిలోలే కదా అనుకోకండి. కండరం బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. బరువేమో ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది. ఒకే పోలికలో ఉన్న శరీరం కొలతలన్నీ రెట్టింపు అయితే వైశాల్యం 4 రెట్లు, ఘనపరిమాణం 8 రెట్లు అవుతాయి. అంటే బరువు 8 రెట్లు పెరిగినా బలం 4 రెట్లే పెరుగుతుంది. ఈ సూత్రాన్ని గెలీలియో 1638లోనే వివరించాడు. దాని ప్రకారం లెక్క వేస్తే 48 నుంచి 52 కిలోలకు బరువు సుమారు 8 శాతం పెరిగితే, బలం సుమారు 5 శాతం పెరుగుతుంది. సరిసమానులైన ఇద్దరి మధ్య 5 శాతం తక్కువేమీ కాదు. బరువును బట్టి విభాగాలు పెట్టింది ఇందుకే.

యంత్రాన్ని అడిగితే?

"అన్నీ కంప్యూటర్‌కి ఇచ్చేస్తే సరి!" అన్నారు పిల్లలు. అదీ జరిగింది. ఒక్క పోటీలోనూ ఓడని రాకీ మార్సియానో, మహమ్మద్ అలీల మధ్య 1969లో ఒక ఉత్తుత్తి పోటీని చిత్రీకరించారు. వారి బలాబలాల వివరాలను కంప్యూటర్‌కు అందించారు. 1970 జనవరిలో అమెరికా సినిమాహాళ్లలో చూపిన చిత్రంలో మార్సియానో 13వ రౌండులో గెలిచాడు. ఐరోపాలో చూపిన చిత్రంలోనేమో అలీ గెలిచాడు! తన "గెలుపు"ను చూసే భాగ్యం మార్సియానోకు దక్కలేదు. 1969 ఆగస్టులోనే విమాన ప్రమాదంలో మరణించాడు.

చూశారా! యంత్రం తనంతట తాను ఏదీ కనిపెట్టదు. మనం ఏ వివరాలు ఇస్తే వాటినే లెక్కిస్తుంది. ఇవ్వడం మరచిపోయిన వివరం ఒక్కటున్నా తీర్పు తలకిందులు కావచ్చు. అలాంటి వివరం ఒకటి చెబుతాను.

ఎండ గెలిచిన పోటీ

1952 జూన్ 25న న్యూయార్కులో మిడిల్ వెయిట్ విజేత రాబిన్సన్, తనకంటే బరువైన విభాగపు విజేత జోయీ మాక్సిమ్‌తో తలపడ్డాడు. బరువు తక్కువైనా పాయింట్లలో రాబిన్సనే ముందున్నాడు. కాని రింగు దగ్గర వేడి సుమారు 40 డిగ్రీల సెల్సియస్. 10వ రౌండు తరువాత రిఫరీయే వడ తట్టుకోలేక తప్పుకున్నాడు, వేరొకరిని దింపారు. 14వ రౌండుకు గంట కొట్టినప్పుడు రాబిన్సన్ లేవలేకపోయాడు. పోటీ మధ్యలో ఆగిపోయి ఆయన ఓడింది జీవితంలో ఇదొక్కసారే.

శరీరాన్ని చల్లబరిచేది చెమట కాదు, చెమట ఆవిరి కావడం. ఒక గ్రాము నీరు చర్మం మీద ఆవిరైతే సుమారు 580 కాలరీల వేడిని తీసుకుపోతుంది. (పుస్తకంలో మీరు చదివే 540 మరుగుతున్న నీటికి వర్తిస్తుంది.) మే నెలలో రెంటచింతల కంటే మా ఊళ్లో ఉష్ణమాపకం తక్కువే చూపిస్తుంది. అయినా పూడిమడక వైపు నుంచి వచ్చే సముద్రపు గాలిలో తేమ నిండుగా ఉండడంతో చెమట ఆరదు. ఒంట్లోని వేడి బయటికి పోదు.

నేను చేసిన పొరపాటు

ఈ సంగతి తరగతిలో చెబుతూనే నేనొక తప్పు చేశాను. చాలా ఏళ్ల క్రితం, వేరొక ఊళ్లో పనిచేస్తున్నప్పుడు, కబడ్డీ ఎంపికకు ఒక కుర్రవాడు రెండు కిలోలు ఎక్కువున్నాడు. ముందు రోజు నుంచి మంచినీళ్లు మానేసి, మందపాటి చొక్కా తొడుక్కుని ఎండలో పరుగెత్తాడు. "భేష్! పట్టుదలంటే అదీ" అన్నాను నేను. మర్నాడు తూకం వేయకముందే మైదానంలో కూలిపోయాడు. ఆసుపత్రిలో సెలైను ఎక్కిస్తే సాయంత్రానికి తేరుకున్నాడు. నీరు లేకపోతే చెమట లేదు, చెమట లేకపోతే చల్లదనం లేదు. గుప్తోష్ణం పాఠం చెప్పిన నాకే ఆ ముక్క తట్టలేదు. మీలో ఎవరూ తూకం కోసం నీళ్లు మానకండి.

మీరూ చేసి చూడండి

రెండు చేతులనూ మణికట్టు దాకా తడపండి. ఒక చేతికి ప్లాస్టిక్ సంచీ తొడిగి, నోరు వదులుగా ముడివేయండి. రెంటినీ ఫ్యాను కింద పెట్టండి. ఏ చేయి చల్లబడింది? ఎందుకు?

"మరి జవాబు చెప్పనేలేదు మాస్టారూ!" అన్నారు అమ్మాయిలు. సుద్దముక్క వాళ్ల చేతికే ఇచ్చాను. ఎన్ని కిలోల విభాగం? ఏ ఏటి నిబంధనలు? ఎవరికి ఎంత వయసు? ఏ ఊళ్లో, ఏ నెలలో? నల్లబల్ల సగం నిండింది. షరతులు మారినప్పుడల్లా వాళ్లు పక్షాలు మార్చుకోవడం మొదలుపెట్టారు. తలుపు వేసే వేళైనా ఎవరూ కదల్లేదు.