నాయకుడి బంధువే ప్రభుత్వ సలహాదారైతే... జనం అభ్యంతరం దేనికి?

2017 నవంబర్ చివర్లో మీరు హైదరాబాద్‌లో ఉన్నారా? ఉంటే గుర్తుండే ఉంటుంది. మాదాపూర్ వైపు రోడ్లకు హడావిడిగా తారు పడింది, డివైడర్లకు రంగులు వేశారు. నగరంలో భిక్షాటనపై పోలీసులు రెండు నెలల నిషేధం పెట్టారు. రోడ్ల మీద ఉన్నవాళ్లను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రయ కేంద్రాలకు తరలించారు. ‘మా గల్లీకి కూడా ఒకసారి రావమ్మా ఇవాంకా’ అని జనం జోకులు వేసుకున్నారు.

వచ్చింది ఇవాంకా ట్రంప్. హెచ్ఐసీసీలో జరిగిన ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు అమెరికా బృందానికి ఆమే నాయకురాలు. ఆమె ఏ ఎన్నికలోనూ గెలవలేదు. మంత్రి కాదు, రాయబారి కాదు. అధికారికంగా ఆమె హోదా ‘అధ్యక్షుడి సలహాదారు’. ఆ అధ్యక్షుడు ఆమె తండ్రి. మరి ఫలక్‌నుమా ప్యాలెస్‌లో ప్రధాని మోదీ విందు ఇచ్చింది సలహాదారుకా, కూతురికా? అమెరికాలో జనాన్ని నాలుగేళ్లపాటు చికాకు పెట్టిన ప్రశ్న ఇదే.

తన సొంత మనిషిని సలహాదారుగా పెట్టుకుంటే తప్పేంటి అని మీకు అనిపించవచ్చు. అల్లుడితోనో, తమ్ముడితోనో మాట్లాడకుండా ఏ నాయకుడూ నిర్ణయం తీసుకోడు. ఇంట్లో భోజనాల దగ్గర చెప్పే సలహాను ఏ చట్టమూ ఆపలేదు కూడా. గొడవంతా ఆ సలహాకు ప్రభుత్వ గది, ఫైళ్లు, రహస్య సమాచారం, ప్రోటోకాల్ తోడైనప్పుడే మొదలవుతుంది.

చట్టం ఏమంది?

అమెరికాలో బంధుప్రీతిని నిషేధించే చట్టం 1967లో వచ్చింది. పోస్టల్ ఉద్యోగుల జీతాల బిల్లులో భాగంగా వచ్చినా, దాన్ని అందరూ ‘బాబీ కెనెడీ చట్టం’ అంటారు. 1961లో జాన్ కెనెడీ అధ్యక్షుడు కాగానే 35 ఏళ్ల తమ్ముడు రాబర్ట్‌ను అటార్నీ జనరల్‌గా పెట్టుకున్నారు. ప్రభుత్వంలో ఉన్నవారు తమ అధీనంలోని శాఖల్లో బంధువులను నియమించరాదని ఈ చట్టం చెబుతుంది. బంధువుల జాబితాలో కొడుకు, కూతురు, బావమరిది, అల్లుడు, కోడలు అందరూ ఉన్నారు.

అలాంటప్పుడు 2017 జనవరిలో అల్లుడు జారెడ్ కుష్నర్ వైట్‌హౌస్‌లో సీనియర్ సలహాదారు ఎలా అయ్యారు? అందుకు ఒక దారి దొరికింది. వైట్‌హౌస్ సిబ్బందిని నియమించుకునే విషయంలో ఉద్యోగ నియామకాల ఇతర చట్టాలతో పనిలేదని 1978 నాటి మరో చట్టం చెబుతోంది. కాబట్టి 1967 చట్టం వైట్‌హౌస్‌కు వర్తించదని, ట్రంప్ ప్రమాణం చేసిన జనవరి 20నే న్యాయశాఖ అభిప్రాయం ఇచ్చింది. అంతకుముందు నలభై ఏళ్లలో అదే శాఖ దీనికి భిన్నంగా చెబుతూ వచ్చింది. 1977లో జిమ్మీ కార్టర్ తన భార్య రోజలిన్‌ను మానసిక ఆరోగ్య కమిషన్‌కు ఛైర్‌పర్సన్ చేయాలనుకుంటే కుదరదంది. ఆమె గౌరవ ఛైర్‌పర్సన్‌గానే సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

2017 అభిప్రాయంలో కొట్టిపారేయలేని మాట ఒకటుంది. అధ్యక్షుడు బంధువుల సలహా ఎలాగూ తీసుకుంటాడు. ఏ హోదా లేకుండా తీసుకోవడం కన్నా, ఉద్యోగంలో పెట్టుకుని ఆస్తుల వెల్లడి, ప్రయోజనాల వైరుధ్యం నిబంధనల కిందికి తేవడం మేలు కదా అన్నది దాని సారాంశం. ఈ మాటను గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

జనం ఏమన్నారు?

2017 ఏప్రిల్‌లో ఏబీసీ న్యూస్, వాషింగ్టన్ పోస్ట్ కలిసి చేసిన సర్వేలో, కూతురికీ అల్లుడికీ పెద్ద పదవులివ్వడం తమకు నచ్చలేదని 61 శాతం మంది చెప్పారు. అమెరికాలో ఏ ప్రశ్నకైనా జవాబు పార్టీని బట్టి చీలుతుంది. అలాంటిచోట పదిమందిలో ఆరుగురు ఒక మాట మీద ఉన్నారంటే చిన్న విషయం కాదు.

అయితే ఈ అంకెను ‘జనానికి బంధువులంటే పడదు’ అని చదివితే పొరపాటు. బాబీ కెనెడీనే చూడండి. నియామకం నాడు బోలెడు విమర్శలొచ్చాయి. 1962 క్యూబా క్షిపణుల సంక్షోభంలో సోవియట్ రాయబారితో రహస్యంగా మాట్లాడి యుద్ధం రాకుండా చూసినవారిలో ఆయన ఒకరని తర్వాత అదే జనం మెచ్చుకున్నారు. ఆయనకో తేడా ఉంది: ఆయన పేరును సెనేట్ పరిశీలించి ఆమోదించింది. వైట్‌హౌస్ సలహాదారుకు ఆ పరీక్ష లేదు.

‘జీతం తీసుకోవట్లేదు కదా!’

ఇవాంకా, కుష్నర్ ఇద్దరూ జీతం తీసుకోలేదు. మద్దతుదారులు ఎప్పుడూ చెప్పే సమాధానం ఇదే. మన దగ్గర కూడా ‘ఒక్క రూపాయి తీసుకోకుండా సేవ చేస్తున్నారు’ అనే మాట మీరు వినే ఉంటారు. నా ఉద్దేశంలో ఇది అసలు ప్రశ్నకు జవాబే కాదు. వైట్‌హౌస్‌లో ఉంటూనే 2017లో ఈ దంపతులకు బయటి వ్యాపారాల నుంచి కనీసం 8.2 కోట్ల డాలర్ల ఆదాయం వచ్చిందని వాళ్లు సమర్పించిన పత్రాలే చెప్పాయి. ఇంత ఆదాయం ఉన్నవాళ్లకు జీతం లెక్కలోకి రాదు. అధికారానికి, వ్యాపారానికి మధ్య గోడ ఉందా లేదా అన్నదే లెక్క.

ఆ పత్రాలు బయటికి రావడం వెనుక ఒక కథ ఉంది. మొదట ఇవాంకా ఏ పదవీ లేకుండానే వైట్‌హౌస్‌లో గది తీసుకుని పనిచేయాలనుకున్నారు. హోదా లేకపోతే నిబంధనలూ ఉండవని విమర్శలు రావడంతో, 2017 మార్చి చివర్లో ఆమె జీతం లేని ప్రభుత్వ ఉద్యోగిగా చేరారు. దాంతో ఆదాయం వివరాలు ఇవ్వక తప్పలేదు. ప్రజాభిప్రాయం ఆమెను ఇంటికి పంపలేకపోయినా ఒక ఫారం మాత్రం నింపించింది. ఆ 8.2 కోట్ల అంకె మనకు తెలిసింది ఆ ఫారాల వల్లే.

తప్పు చేస్తే తీసేసేదెవరు?

జనం అభ్యంతరానికి అసలు మూలం ఇక్కడుందని నాకనిపిస్తుంది. కుష్నర్‌కు ప్రభుత్వ అనుభవం లేదు. అయినా పశ్చిమాసియా శాంతి చర్చలు, మెక్సికోతో సంబంధాలు, జైళ్ల సంస్కరణ, ప్రభుత్వ కార్యాలయాల ఆధునీకరణ... అన్నీ ఆయన బల్ల మీదే. భద్రతా తనిఖీ కోసం ఇచ్చిన పత్రాల్లో విదేశీయులతో భేటీల వివరాలు మొదట లేవు. తర్వాత పలుమార్లు సవరించి ఇచ్చారు. 2018 ఫిబ్రవరిలో అత్యంత రహస్య సమాచారం చూసే తాత్కాలిక అనుమతి తగ్గించారు. మేలో పూర్తి అనుమతి వచ్చింది. అధికారుల అభ్యంతరాలను పక్కనపెట్టి ట్రంపే ఇప్పించారని మరుసటి ఏడాది అమెరికా పత్రికలు రాశాయి. ట్రంప్ కాదన్నారు.

మీ ఆఫీసులో ఓనర్ అల్లుడు మేనేజర్‌గా ఉన్నాడనుకోండి. అతను తప్పు చెబితే మీటింగ్‌లో ఎవరు కాదంటారు? అందరూ ఫోన్లు చూసుకుంటారు. ప్రభుత్వంలోనూ అంతే. మామూలు సలహాదారు సలహా బెడిసికొడితే రాజీనామా అడగొచ్చు, అల్లుడిని ఎవరు అడుగుతారు? వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు కానీ, ఆ వడ్డించేవాడు మనవాడు కాని మిగతా బంతి సంగతేంటి?

పనులు జరగలేదా అంటే జరిగాయి. 2018 డిసెంబర్‌లో రెండు పార్టీల మద్దతుతో వచ్చిన జైళ్ల సంస్కరణ చట్టం వెనుక కుష్నర్ కృషి ఉందని ప్రత్యర్థులు కూడా ఒప్పుకున్నారు. 2020లో ఇజ్రాయెల్‌తో యూఏఈ, బహ్రెయిన్‌ల ఒప్పందాలు కుదరడంలోనూ ఆయన పాత్ర పెద్దదే. కానీ వైట్‌హౌస్ వదిలిన కొన్ని నెలలకే ఆయన పెట్టుబడుల సంస్థకు సౌదీ ప్రభుత్వ నిధి నుంచి 200 కోట్ల డాలర్లు వచ్చాయి. పదవిలో ఉన్నప్పుడు సౌదీ వ్యవహారాలు చూసిన మనిషికి ఆ డబ్బు దేనికొచ్చిందని జనం అడిగితే, తప్పేమీ జరగలేదని ఆయన సమాధానం. తప్పు జరిగిందని ఎవరూ రుజువు చేయలేదు. అనుమానమూ పోలేదు.

రెండో విడతలో కుష్నర్‌కు వైట్‌హౌస్ ఉద్యోగం లేదు. అయినా 2025లో గాజా కాల్పుల విరమణ చర్చల్లో, ఆ తర్వాత ఉక్రెయిన్ విషయంలో పుతిన్‌తో మాట్లాడటానికి వెళ్లిన బృందంలో ఆయన ఉన్నారు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇక్కడికే వస్తుంది. హోదా ఇస్తే విమర్శ, ఇవ్వకపోతే వివరాలే ఉండవు.

మన దగ్గర పరిస్థితి ఏంటి?

ముఖ్యమంత్రి గానీ, మంత్రి గానీ బంధువును సలహాదారుగా పెట్టుకోకూడదని మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. మంత్రుల సంఖ్యకు మాత్రం పరిమితి ఉంది: అసెంబ్లీ బలంలో 15 శాతం. ముఖ్యమంత్రితో కలిపి ఆంధ్రప్రదేశ్‌లో 26, తెలంగాణలో 18. మంత్రి అయినవారు ఆరు నెలల్లో చట్టసభ సభ్యులు కావాలి. సలహాదారుకు ఈ రెండూ వర్తించవు. ఒక జీవో చాలు. ‘కేబినెట్ హోదా’ ఇచ్చినా అది ప్రోటోకాల్, సౌకర్యాల కోసమే. ఆయన అసెంబ్లీలో నిలబడి జవాబు చెప్పాల్సిన పని ఉండదు.

మీ రాష్ట్రంలో ఎవరైనా సలహాదారు గురించి మీకు సందేహం ఉంటే టీవీ చర్చల కన్నా ఆర్టీఐ దరఖాస్తు నయం. సాధారణ పరిపాలన శాఖలోని ప్రజా సమాచార అధికారికి రాయండి, ఫీజు పది రూపాయలు, గడువు 30 రోజులు. ‘ఎందుకు నియమించారు’ అని అడిగితే జవాబు రాదు, చేతిలో ఉన్న కాగితాలనే అడగాలి. నియామక జీవో నకలు, పదవీకాలం, జీతభత్యాలు, ఇచ్చిన సిబ్బంది, వాహనాలు, ఏ శాఖల ఫైళ్లు ఆయన దగ్గరికి వెళ్లాలో చెప్పే ఉత్తర్వు, ఆస్తుల వివరాలు తీసుకున్నారా లేదా అన్న సమాచారం... ఒక్కొక్కటి విడిగా రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే అదే శాఖలో మొదటి అప్పీలు వేయొచ్చు, దానికీ 30 రోజుల గడువుంది.