మత్తు సూది కాదు, తిమ్మిరి సూది

పన్ను పీకించుకొనుటకు పోయినవారికి దంతవైద్యుడు మొట్టమొదట వేయు సూదిని మన ఇండ్లలో పెద్దలు, పిన్నలు అందరును “మత్తు సూది” అనుచున్నారు. ఈ మాట తెచ్చిపెట్టిన భయము ఇంత అంత కాదు. మత్తు అనగానే బిడ్డ స్పృహ తప్పుటయు, కన్నులు తేలవేయుటయు తల్లుల మనసున మెదలును. అందుచేత పిప్పిపన్ను కనబడినను ఆసుపత్రికి పోరు. లవంగము నొక్కిపెట్టి, ఉప్పునీట పుక్కిలింపజేసి, ఆ పూటకు నొప్పి అణగినచో చాలునని మిన్నకుందురు. నాలుగు నెలలకు దవడ వాచును, బిడ్డ రాత్రులు నిదుర లేక ఏడ్చును, బడి మానును, అప్పుడు పరుగెత్తుదురు. అప్పటికి ఆ సూది కూడ సరిగా పట్టని స్థితి వచ్చియుండవచ్చును. అది ఏలనో తెలిసికొనినచో భయము విడిచి ముందుగానే పోవుదురని మా ఆశ. మేము తెలుగు చెప్పువారమే కాని వైద్యులము కాము. ఐనను ఒక మాట తప్పుగా పలుకుటవలన ఇంత కీడు జరుగుచుండగా భాష చెప్పువారు ఊరకుండరాదు గదా.

మన హోసూరు ప్రాంతపు తమిళులలో ఈ భేదమును మాటలలోనే చూపుట గలదు. ఒడలు తెలియకుండ చేయు సూదిని “మయక్క ఊసి” అనియు, ఒక చోటును మాత్రము మొద్దుబార్చు సూదిని “మరత్తుప్పోగుం ఊసి” అనియు చెప్పుదురు. మనకును తిమ్మిరి అను చక్కని మాట ఉన్నది. సూది వేసిన తరువాత పెదవికి కలుగునది ఇంచుమించు కాలు మడిచి చాలసేపు కూర్చున్నప్పటి తిమ్మిరి వంటిదే. బిడ్డ మేలుకొనియే యుండును, చుట్టునున్నవారిని చూచుచుండును, డాక్టరు చెప్పినట్లు నోరు తెరచును. కావున ఈ వ్యాసమున తిమ్మిరి సూది అనియే వ్రాయుచున్నాము.

చరిత్రలో మొదట వచ్చినది మత్తే. తిమ్మిరి తరువాత వచ్చినది. 1844లో అమెరికాలోని హార్ట్‌ఫర్డు నగరమున హొరేస్ వెల్స్ అను దంతవైద్యుడు నైట్రస్ ఆక్సైడు అను వాయువును పీల్చి, తన పన్నునే పీకించుకొని చూచెను. 1846 అక్టోబరు 16న బోస్టను ఆసుపత్రిలో విలియం మోర్టన్ ఒక రోగికి ఈథరు పీల్పించి శస్త్రచికిత్స నొప్పి లేకుండ జరుగునట్లు చేసెను. ఇతడును దంతవైద్యుడే. ఈ మార్గమున ముందు నడచిన యిరువురును పండ్లు పీకువారగుట వింత కాదు. రోగుల కేకలు వారికంటె ఎక్కువగా విన్నవారెవరు?

ఇక తిమ్మిరి కథ కోకా ఆకుతో మొదలగును. దక్షిణ అమెరికా కొండజాతులు నమలు ఆ ఆకునుండి 1860లో ఆల్బర్ట్ నీమన్ అను జర్మను రసాయనజ్ఞుడు కొకెయినును వేరుచేసి, అది నాలుకకు తగిలినచో స్పర్శ పోవుచున్నదని వ్రాసెను. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ దానిని కంటి శస్త్రచికిత్సకు వినియోగించెను. ఆ యేడే న్యూయార్కులో విలియం హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యుడు క్రింది దవడకు పోవు నరము చెంత కొకెయిను ఎక్కించి, ఆ వైపు పండ్లన్నియు మొద్దుబారునని చూపెను. కాని కొకెయిను వ్యసనము కలిగించు విషము. తనపైనే పరీక్షలు జరుపుకొనిన హాల్‌స్టెడ్ దానికి బానిసయై ఎంతో బాధపడెను. వ్యసనము లేని మందునకై వెదకగా 1904లో ఐన్‌హార్న్ అను జర్మను శాస్త్రజ్ఞుడు నోవొకెయినును తయారు చేసెను. 1943లో స్వీడను దేశమున లోఫ్‌గ్రెన్, లుండ్‌క్విస్ట్ అనువారు అంతకంటె మేలైన మందును కూర్చిరి. అదియే నేడు మన దేశమున దంతవైద్యులు అధికముగా వాడు లిగ్నోకెయిను. పేరు చివర “కెయిను” ఉన్నదని దీనిని కొకెయినువలె వ్యసనము కలిగించునది యని తలపరాదు.

ఈ మందు ఏమి చేయునో విజ్ఞానశాస్త్రము చదువు పై తరగతులవారు సులభముగా గ్రహింపగలరు. నొప్పి యనునది పంటిలో పుట్టి నరము వెంట మెదడునకు పోవు సమాచారము. నరపు పొరలో మిక్కిలి సన్నని ద్వారములున్నవి. అవి తెరచుకొని సోడియము అయానులు లోనికి దూకినప్పుడే ఆ సమాచారము ముందునకు సాగును. లిగ్నోకెయిను అణువు పొరను దాటి లోనికి పోయి, లోపలి వైపునుండి ఆ ద్వారమునకు అడ్డుపడును. తలుపు మూసిన వీధిలో తపాలా నడువదు. మెదడునకు కబురు చేరదు. పన్ను బాధపడుచునే యుండును గాని మనకు తెలియదు. మందును రక్తము క్రమముగా కొనిపోవును, కాలేయము దానిని విరుగగొట్టును, ద్వారములు మరల తెరచుకొనును.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. మందు అణువులు ఒంటిలో రెండు రూపములలో నుండును: విద్యుదావేశము గలవి, లేనివి. ఆవేశము లేనివి మాత్రమే నరపు పొరను దాటగలవు. ఆరోగ్యముగనున్న చోట నాలుగింట ఒక వంతు అట్టివి యుండును. పనికి అది చాలును. కాని చీము పట్టిన చోట ఆమ్లత్వము పెరిగియుండును. ఆమ్లములో ఆవేశము గల రూపమే ఎక్కువై, పొర దాటగల భాగము తగ్గిపోవును. ఎంత మందు ఎక్కించినను సగము బయటనే నిలిచిపోయినట్లగును. వాచిన పంటికి సూది సరిగా పట్టకపోవుటకు ముఖ్యకారణములలో ఇది యొకటి. అందుకే డాక్టరు కొన్ని వేళల ముందు చీమును వెడలించి, మరియొక దినమున రమ్మనును. లేదా వాపునకు దూరముగా నరము మొదటనే సూది వేయును. “పీకుమనిన పీకడు, ఊరక తిప్పుచున్నాడు” అని ఆయనను నిందించుట న్యాయము కాదు. సూదికి జడిసి ఆలస్యము చేసినవాడే ఆ సూది పట్టని చోటికి చేరుకొనుచున్నాడు.

మన తొమ్మిదవ తరగతి బాలుడొకడు పన్ను తీయించుకొని వచ్చి, “అయ్యా, సూది వేసినను డాక్టరు లాగుట నాకు తెలిసినది, ఆ మందు కల్తీదా?” అని అడిగెను. కల్తీ కాదు. నొప్పిని మోయు నరపు పోగులు సన్ననివి, ఒత్తిడిని మోయునవి లావైనవి. సన్నని పోగులు త్వరగా మొద్దుబారును. లావైనవి అంత సులభముగా లొంగవు. కాబట్టి త్రోపు, లాగు తెలియును, పోటు తెలియదు. ఈ సంగతి ముందే చెప్పినచో పిల్లలు బెదరరు. పోటు తెలిసినచో చేయి పైకెత్తవలెను. డాక్టరు ఆగి మరికొంత మందు వేయును.

పై పండ్లకును క్రింది దవడ పండ్లకును సూది వేయు తీరు వేరు. పై దవడ ఎముక పలుచనిది గనుక పంటి ప్రక్క చిగురులో వేసినచో మందు ఇంకి వేరునకు చేరును. క్రింది దవడ వెనుకభాగపు ఎముక గట్టిది, ఇంకదు. అందుచే నోటి వెనుక మూలలో నరము ఎముకలోనికి దూరు చోట వేయుదురు. అప్పుడు సగము పెదవి, సగము నాలుక కూడ మొద్దుబారును. పంటి తిమ్మిరి సుమారు గంటకు తగ్గినను పెదవి తిమ్మిరి మూడు నాలుగు గంటలుండవచ్చును. తల్లులు జాగ్రత్తపడవలసినది ఈ గంటలలోనే. చిన్నబిడ్డలు స్పర్శ లేని పెదవిని వింతగా కొరుకుచు, నొప్పి తెలియక పుండు చేసికొందురు. తిమ్మిరి వదలువరకు నమలు తిండియు, వేడి కాఫీయు ఈయరాదు.

మందులో తరచుగా కొంచెము అడ్రినలిను కలుపుదురు. అది అచటి రక్తనాళములను ముడిచి, మందు కొట్టుకొనిపోకుండ నిలుపును, నెత్తురు కారుటను తగ్గించును. దానివలన కొందరికి ఒకటి రెండు నిమిషములు గుండె దడదడలాడును, కంగారుపడ నక్కరలేదు. గుండెజబ్బు గలవారు మాత్రము ముందే చెప్పవలెను. సూది వేయగానే కొందరు సొమ్మసిల్లుటకు మందుకంటె భయమే తరచుగా కారణము. కుర్చీని వెనుకకు వాల్చి కాళ్ళు ఎత్తిపట్టినచో చాలమందికి తేరుకొనును.

ఇందులో లెక్కయు కొంత గలదు. 2 శాతము లిగ్నోకెయిను అనగా 1 మి.లీ.లో 20 మి.గ్రా. మందు. పిల్లలకు కిలో బరువునకు 4.4 మి.గ్రా. మించరాదని దంతవైద్యులు పాటించు హద్దు. 20 కిలోల బాలునకు 88 మి.గ్రా., అనగా 4.4 మి.లీ. ఒక పంటికి సాధారణముగా అంత అవసరముండదు. కాని నాలుగు ప్రక్కల నాలుగు పండ్లు ఒకే దినమున తీయుమనినచో చిన్నబిడ్డ విషయమున హద్దు దగ్గరపడును. ఒక్కొక్క ప్రక్కకు ఒక్కొక్క దినము రమ్మనుటకు ఇది యొక కారణము.

తిమ్మిరి వదలిన పిదప వచ్చునది మాత్రల కాలము. ఇక్కడ మనవారి తప్పులకు అంతు లేదు. పొరుగింటివారికి పనిచేసిన బిళ్ళను అడిగి తెచ్చి బిడ్డకు వేయుదురు. క్రోసిన్, డోలో, కాల్‌పాల్ అని పేర్లు వేరైనను లోనిది పారాసిటమాలే. ఒకటి పనిచేయలేదని రెండవది వేసినచో అదే మందు రెండింతలగును. మోతాదు మించిన పారాసిటమాలు కాలేయమును చెరచును. పిల్లలకు దానిని కిలోకు 10 మొదలు 15 మి.గ్రా. వరకు ఒక్కొక్క మారు ఇత్తురు, దినమునకు నాలుగు మారులు మించరాదు. ద్రవరూపమున 5 మి.లీ.లో 125 మి.గ్రా. గలదొకటి, 250 మి.గ్రా. గలది మరొకటి అంగడిలో దొరకును. 20 కిలోల బిడ్డకు రెండవదానిని 5 మి.లీ. పోసిన సరిపోవును, మొదటిదని పొరపడి 10 మి.లీ. పోసినచో 500 మి.గ్రా. అగును. సీసాపై నున్న అంకెను చదువగల పిల్లలు మన ఇండ్లలో ఉన్నారు, వారిచేత చదివింపుడు. వంటింటి చెంచా కొలతకు పనికిరాదు.

పంటి నొప్పి పెక్కుమార్లు వాపువలన కలుగునది గనుక ఇబుప్రొఫెను దానికి బాగుగా పనిచేయును. నల్లమందు జాతి బలమైన మందులకంటె ఇబుప్రొఫెను వంటివి ఒంటరిగానో, పారాసిటమాలుతో కలిపియో ఇచ్చుటయే మొదట చేయదగినదని అమెరికా దంతవైద్యుల సంఘము 2023లో పిల్లల విషయమునను, 2024లో పెద్దల విషయమునను చెప్పినది. కాని ఇబుప్రొఫెను అందరికిని కాదు. కడుపులో పుండు, మూత్రపిండముల జబ్బు గలవారును, గర్భిణులును డాక్టరు నడుగక వాడరాదు. డెంగ్యూ తిరుగు కాలమున జ్వరముతో కూడ పంటి నొప్పి వచ్చినచో ఇబుప్రొఫెను గాని ఆస్పిరిను గాని ముట్టరాదు; రక్తస్రావము పెరుగును. ఆస్పిరినును 16 ఏండ్ల లోపువారికి డాక్టరు ప్రత్యేకముగా చెప్పిననే తప్ప ఈయరాదు. దానిని నూరి పంటిప్రక్క పెట్టుట మరియొక దురలవాటు. చిగురు కాలి తెల్లబడును. నిమెసులైడును 12 ఏండ్ల లోపు పిల్లలకు వాడుటను మన ప్రభుత్వము 2011లోనే నిషేధించినది.

మందుల అంగడిలో “పంటి నొప్పి” అనగానే యాంటిబయాటిక్కు మాత్రలు కూడ చేతిలో పెట్టుట గలదు. అవి సూక్ష్మజీవులను చంపునవే గాని నొప్పిమందులు కావు. పంటిలోని నరము వాచి సలుపుచున్నప్పుడు వాటివలన ప్రయోజనము లేదు. ముఖము వాచుట, జ్వరము వచ్చుట, నోరు తెరువలేకపోవుట, మ్రింగుట కష్టమగుట కనబడినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. అప్పుడు వాటి అవసరమును డాక్టరు నిర్ణయించును.

మనకు ప్రత్యేకముగా నున్న ఇబ్బంది మరియొకటి గలదు. మన అవ్వలు, తాతలు పంటి డాక్టరు ముందు తమిళమున తడబడి, అడిగిన ప్రతిదానికి తల ఊపి వచ్చుచున్నారు. రక్తము పలుచన చేయు మాత్ర మ్రింగుచున్నను చెప్పరు. చెప్పినచో డాక్టరు నెత్తురు ఆగుటకు తగిన ఏర్పాటు చేసికొనును. తమంతట తాము ఆ మాత్రను మానుటయు ప్రమాదమే. నొప్పికి కూడ తెలుగున పలు మాటలున్నవి: సలుపు, పోటు, తీపు, జివ్వుమనుట. చల్లని నీరు తగిలి జివ్వుమని వెంటనే పోవుట ఒక జబ్బు, రాత్రి పడుకొనగానే సలుపుట మరొక జబ్బు. జివ్వుమనుటను తమిళమున “కూచ్చం” అందురు, నొప్పిని “వలి” అందురు. ఈ రెండు మాటలైనను తెలిసియుండుట మేలు. పెద్దలవెంట చదువుకొనిన మనుమడో మనుమరాలో పోయి, ఇంటినుండి మాత్రల అట్టలన్నియు సంచిలో వేసికొని డాక్టరు బల్లపై పెట్టినచో భాష రానిచోటను పని జరుగును.

డాక్టరు అడుగు మొదటి ప్రశ్నలలో బిడ్డ బరువు ఒకటి. చాలమంది తల్లిదండ్రులు వయసు చెప్పుదురు గాని బరువు చెప్పలేరు. మన పాఠశాలలో తూనిక యంత్రమున్నది. శనివారము మధ్యాహ్నము పిల్లలు తరగతివారీగా వచ్చి తూచుకొని, ఆ అంకెను దినచర్య పుస్తకపు మొదటి పుటలో తేదీతో వ్రాసికొనవచ్చును.