మోటుపల్లి శాసనం, మా ఆదివారం క్లాసు

మన ఇళ్లలో ఇంటర్ అంటే ఎంపీసీ, కాదంటే బైపీసీ. హెచ్‌ఈసీ మీద మార్కులు రానివాళ్ల గ్రూపన్న ముద్ర ఇప్పటికీ పోలేదు. నేను సీఈసీ చదివి, బీకాం చేసి, చీరాలలో ఓ సహకార బ్యాంకులో క్యాషియర్‌గా కుదురుకున్నాను. చరిత్ర చదవాలన్న కోరిక మాత్రం అలాగే ఉండిపోయింది. మా అమ్మాయి హాస్టల్‌కి వెళ్లాక ఇగ్నోలో దూరవిద్యలో ఎంఏ చరిత్రకు ఫీజు కట్టాను. "ఇప్పుడీ ఎంఏ దేనికమ్మా, ప్రమోషనిస్తారా?" అని మా అత్తయ్యగారు అడిగారు. ఇవ్వరు. చదువుకోవాలనుంది కాబట్టే చేరాను.

ఇలాంటి డిగ్రీ చెల్లుతుందా అని చాలామందికి అనుమానం. చెల్లుతుంది. గుర్తింపున్న సంస్థ అయితే దూరవిద్య డిగ్రీ, ఆన్‌లైన్ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని యూజీసీ 2022లో స్పష్టం చేసింది. కాకపోతే చేరేముందు ఆ సంస్థకూ, ఆ కోర్సుకూ గుర్తింపు ఉందో లేదో యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్లో మీరే చూసుకోవాలి. ఇగ్నో పాఠాలు ఈ-జ్ఞానకోశ్ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతాయి. ఇగ్నో లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. 4 క్రెడిట్ల కోర్సుకు 120 గంటలు కేటాయించాలన్నమాట. ఉద్యోగం చేసుకుంటూ అన్ని గంటలు తీయడం కష్టమే. అంతకన్నా కష్టం, చదివినదాని మీద మనకంటూ ఒక మాట ఉండటం.

అది నాకు తెలిసొచ్చింది ఒక ఆదివారం ఆన్‌లైన్ కౌన్సెలింగ్ క్లాసులో. ఆ రోజు పాఠం మధ్యయుగపు సముద్ర వ్యాపారం. మా చీరాల దగ్గరే ఉన్న మోటుపల్లి ప్రస్తావన వచ్చింది. మార్కో పోలో ముత్ఫిలి అని రాసింది ఈ రేవు పేరునేనంటారు చరిత్రకారులు. అక్కడి వీరభద్రాలయ స్తంభం మీద కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన అభయశాసనం ఉంది. దాని పాఠం ఎపిగ్రాఫియా ఇండికా 12వ సంపుటంలో అచ్చయింది, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఎవరైనా చదువుకోవచ్చు. తుపానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు వెనకటి రాజులు బలవంతంగా లాక్కునేవారట. తాను మాత్రం దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, సుంకం తప్ప మిగతాదంతా వర్తకులకే వదిలేస్తున్నానని రాజు ప్రకటించాడు. సుంకం ముప్పైలో ఒక వంతు. చందనం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పగడాలు, మిరియాలు... వీటి రేట్లు కూడా అందులో ఉన్నాయి.

"రాజు దయ అంటున్నాడు. మీరేమంటారు?" అని సార్ అడిగారు. కాసేపు ఎవరూ మైక్ ఆన్ చేయలేదు.

మచిలీపట్నం నుంచి ఒక కానిస్టేబుల్ గారు మొదలుపెట్టారు. "దోచుకుంటే రెండోసారి ఓడ రాదు కదండీ. దయతో పాటు ఆదాయం లెక్క కూడా ఉంది సార్."

"మరి రేట్లు రాతి మీద ఎందుకు చెక్కించినట్టు?" అంది విజయవాడలో గ్రూప్స్‌కి చదువుతున్న ఒకమ్మాయి.

నేనన్నాను: "మా బ్యాంకులో చార్జీల పట్టిక గోడకు పెడతామండీ. ఖాతాదారుకి తెలియడం కోసమే కాదు, మేం అంతకుమించి అడక్కుండా కూడా."

"బావుందమ్మా. దానికి శాసనంలో ఆధారం ఎక్కడుంది? అసైన్‌మెంట్‌లో అది రాయండి" అన్నారు సార్.

ఆ వారం రాత్రుళ్లు శాసనం అనువాదాన్ని మళ్లీ మళ్లీ చదివాను. అభయం ఇచ్చింది అన్ని దీవులకూ, దేశాలకూ, పట్టణాలకూ వచ్చీపోయే సముద్ర వర్తకులకు. రేవు అధికారులను కట్టడి చేయడానికే రేట్లు చెక్కించారన్న నా మాట నిలబడాలంటే ఇంకో ఆధారం కావాలి. అందుకే దాన్ని నిర్ధారణగా కాకుండా ఊహగానే రాశాను. నా దృష్టిలో ఎంఏ చదువంటే ఈ తేడా పట్టుకోవడమే. వీడియోలు ఎన్ని చూసినా ఇది పట్టుబడదు. కలం పట్టుకుని రాయాల్సిందే.

అలాంటి అసైన్‌మెంట్లు ఇప్పుడు రెడీమేడ్‌గా అమ్ముతున్నారు. వాటికి 30 శాతమే కదా, అసలు మార్కులు 70 శాతం టర్మ్ ఎండ్ పరీక్షకే కదా అని కొనుక్కొచ్చి, చూసి రాసేసేవాళ్లున్నారు. నాకు బాధగా ఉంటుంది. ఎదురుగా మాస్టారు లేని చదువులో మాస్టారి పని చేసేది అసైన్‌మెంటే. దాన్ని కొనుక్కుంటే ఇక నేర్చుకునేది ఎక్కడ?

ఇలాంటి చదువు కోసం దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లో పుట్టింది, ఈనాటి అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. దాని తొలి వైస్ చాన్సలర్ జి.రామ్‌రెడ్డి గారే 1985లో ఇగ్నోకీ తొలి వైస్ చాన్సలర్ అయ్యారు. కాలేజీ గడప తొక్కే వీల్లేనివాళ్ల కోసం మన తెలుగాయన అంత పాటుపడి తెరిచిన దారి ఇది.

డిగ్రీ పూర్తయి, చరిత్రో, తత్వశాస్త్రమో, సాహిత్యమో చదవాలని మనసులో ఉన్నవాళ్లు ఉద్యోగం, వయసు చూసుకుని వెనకాడకండి. ఇగ్నోలో ఏటా జనవరి, జులై సెషన్లకు ప్రవేశాలుంటాయి. చేరండి. అసైన్‌మెంట్ మాత్రం మీరే రాయండి.