వగరు వెనుక కథ

మొన్న సెలవుల్లో బెంగుళూరు పోయినప్పుడు, కొత్తగా ఉద్యోగంలో చేరిన మా బావ తన స్నేహితులతోపాటు నన్నూ ఒక పెద్ద హోటలుకు తీసుకుపోయాడు. పెనం మీద ఎర్రగా కాల్చిన మందపాటి మాంసం ముక్కలు, వాటిని స్టేక్ అంటారట. పక్కన ఖరీదైన రెడ్ వైన్ సీసా. నాకింకా ఇరవయ్యేళ్ళే. పైగా నాయనమ్మకిచ్చిన మాట ఒకటుంది. కనుక నా ముందు నిమ్మకాయ సోడా.

మొదటి గుక్కకే బావ మొహం చిట్లించాడు. "ఏందిరా ఇది, పచ్చి వక్క నమిలినట్టుంది!" రెండు ముక్కలు తిని మళ్ళీ తాగి, "ఇప్పుడు బాగుందే!" అన్నాడు. సీసా అదే, గ్లాసు అదే. మరి మారినదేమిటి?

మిత్రులారా, జవాబు మన రసాయనశాస్త్రంలోనే ఉంది. ద్రాక్షరసంలోని చక్కెరను ఈస్టు ఆల్కహాలుగా, బొగ్గుపులుసు వాయువుగా మారుస్తుంది. రెడ్ వైన్ కోసం నల్లద్రాక్షను తొక్క, గింజలతో సహా పులియబెడతారు. రంగు తొక్కలోంచి వస్తుంది. వగరు తొక్కలో, గింజల్లో ఉండే టానిన్లది. మా తాత పండించిన అనాబ్-ఎ-షాహి తినే ద్రాక్ష, కాయ పెద్దది. వైన్‌కు పేరుపడ్డ కేబర్నె సావిన్యో కాయ చిన్నది, తొక్క దళసరి.

మన లాలాజలంలోని ప్రోటీన్లు నోటిని జారుడుగా ఉంచుతాయి. టానిన్లు వాటిని పట్టుకొని ముద్దగట్టిస్తాయి. జారుడు పోయి నాలుక గరుకెక్కుతుంది. అదే వగరు. అరటికాయలో, వక్కలో, నేరేడుపండులో మనకు తెలిసినదే. మాంసం తింటే టానిన్లు కొంతవరకు ఆ ప్రోటీన్లనే పట్టుకుంటాయి. కొవ్వు నోటికి మళ్ళీ జారుడునిస్తుంది. వగరేమో జిడ్డును విరుస్తుంది. 2012లో అమెరికాలో టీ, ఎండుమాంసంతో చేసిన ప్రయోగంలోనూ ఇవి రెండూ ఒకదాన్నొకటి తగ్గిస్తాయని తేలింది. విందు తర్వాత మన పెద్దలు వక్క నమలడంలోనూ ఈ సూత్రమే ఉందేమో!

మరి అంత ధర దేనికి? మంచి వైన్‌ను ఓక్ పీపాల్లో నెలల తరబడి నిలవబెడతారు. కాలం గడిచేకొద్దీ వగరు మెత్తబడుతుంది. చాలాచోట్ల తీగకు గుత్తులు తగ్గించి, ఉన్నవాటికే బలం పట్టిస్తారు.

ఇదంతా ఇంటికొచ్చి చెబితే నాయనమ్మ నవ్వలేదు. "సీసా రేటు అందరికీ తెలుసు బిడ్డా, తోటల పండు రేటే ఎవరికీ పట్టది" అన్నది. మా చిన్నతాత సారాకే పోయాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు లేపిన ఉద్యమం మా ఊరిదాకా వచ్చినప్పుడు, నాయనమ్మ చీపురు పట్టుకొని ముందు నడిచిందట. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది.

బావ మెచ్చిన రుచి నిజమే. దాని వెనుకనున్న శాస్త్రమూ నిజమే. కాని పాకెట్ సారాలోనైనా, ఆ ఖరీదైన సీసాలోనైనా మత్తెక్కించే అణువు ఒక్కటే, ఇథైల్ ఆల్కహాల్. టానిన్ పట్టును మాంసం వదిలిస్తుంది. దీని పట్టును వదిలించడానికి మా ఊళ్ళో చీపుర్లు పట్టవలసి వచ్చింది.